ఎందాకో రాయని బోర్డు

నేను ఒక రేకు బోర్డుని. మూరెడు పొడవు, జానెడు వెడల్పు. ఇనపరేకు మీద నీలం పింగాణీ పూత, ఆ పూత మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు నాలుగు. చదవడం వచ్చినవాళ్ళు ‘వెయిట్’ అని చదువుకుని కూర్చుంటారు. రానివాళ్ళు, పక్కవాళ్ళు కూర్చున్నారు కదా అని కూర్చుంటారు. నా బతుకంతా ఈ ఒక్క మాట మొయ్యడమే. అయినా ఇన్నేళ్ళు మోశాక దాని లోతు నాకు తెలిసినంతగా, రోజుకు వందసార్లు దాన్ని వాడే మనుషులకు తెలియదని మాత్రం చెప్పగలను. నా మాట మనుషులు విన్నారు. అందులో గొప్పేముంది, బోర్డు కనబడితే మనిషి ఆగుతాడు, అది వాడి పుట్టుక. మనిషి కానిది కూడా ఒకటి నా మాట విన్నది. ఆ సంగతి చెబుదామనే నోరు విప్పాను.

నేను పుట్టింది కలకత్తా శివార్లలో ఒక షెడ్డులో. ఒక్కో రంగు పూసి ఒక్కోసారి బట్టీలో కాల్చారు. మూడుసార్లు కాలితేగాని నా ఒంటికి ఆ నిగనిగ రాలేదు. నాతోపాటు కాలినవి ఇంకో రెండు, ఒకటి ‘పుష్’, ఒకటి ‘పుల్’. అవీ క్రియలే, నేనూ క్రియనే. కాని వాటి పని హాయి. నెట్టమంటే నెట్టారు, లాగమంటే లాగారు, తలుపు తెరుచుకుంది, అయిపోయింది. నేను చెప్పే పనికి అయిపోవడమంటూ లేదు. ఏమీ చెయ్యకుండా ఉండమని చెప్పే క్రియ నాది. నాకు అక్షరాలు దిద్దిన ముసలాయనకి చదువు రాదు. అచ్చురేకు పెట్టి, తెల్లపొడి రుద్ది, ఉఫ్‌మని ఊది వరసలో నిలబెట్టాడు. నేనేం చెబుతానో తెలియకుండానే నాకు నోరిచ్చాడు.

గడ్డిలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, రైలుమీదా ఎడ్లబండిమీదా తెచ్చి నన్ను దింపింది కళింగపట్నంలో. సముద్రం ఒడ్డున లైటుహౌసు ఉన్న ఊరు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఓడలు రావడం మానేశాక, వస్తాయేమోనని చాలాకాలం చూస్తూ ఉండిపోయింది. అక్కడ ఇసకదిబ్బ మీద ఒక చిన్న ఆస్పత్రి. దాన్ని కట్టించిన దొరసాని డాక్టరమ్మ, ఆపరేషన్ గది తలుపుకి మేకు కొట్టించి గొలుసుతో నన్ను వేలాడదీసింది. లోపల కత్తి పడుతున్నంతసేపూ నేను తలుపు మీద ఉండాలి. పని కాగానే నన్ను తీసి, మొహం గోడకి తిప్పి, పక్క మేకుకి తగిలించాలి.

నాకు కళ్ళు లేవు. కాని నా నీలం పూత అద్దంలా మెరుస్తుంది, ఎదురుగా ఏముంటే అది నాలో పడుతుంది. ఎదురుగా ఒక పొడవాటి టేకు బెంచీ ఉండేది. గోళ్ళు కొరుక్కునే మొగుళ్ళు, ముడుపు మూట గుప్పిట్లో పట్టుకున్న తల్లులు, ‘ఇంకా ఎంతసేపు?’ అని అడుగుదామని లేచి, అడగలేక మళ్ళీ కూర్చునేవాళ్ళు, అందరూ నాలో కనబడేవారు. బెంచీ ఎంత కిక్కిరిసినా, ఆ కొసన గోడపక్క ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా మిగిలేది. అక్కడ కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు. కూర్చున్నవాళ్ళే రెండు నిమిషాల్లో లేచి, చలేస్తోందంటూ ఎండలోకి పోయేవారు. ఆ చోటు నా పూతలో మాత్రం ఖాళీగా పడేది కాదు. అక్కడ నీలం ముదిరి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎవరో కూర్చున్నంత మేర నల్లగా ఉండేది.

ఈ సంగతి నాకు కాక ఇంకొక్కరికే తెలుసు. ఆవిడ ఆస్పత్రి ఆయా, పేరు ఎర్రయ్యమ్మ. అక్షరం ముక్క రాదు. నన్ను చూసి జనం కూర్చోవడం చూసి, నామీద రాసింది ‘కూకో’ అనే మాట అయి ఉంటుందని నిశ్చయానికి వచ్చింది. పండితులు చేసిన కొన్ని అనువాదాల కన్నా అది మెరుగని తరవాత నాకు తెలిసింది. నన్ను తలుపుకి తగిలించేటప్పుడు ఆమె ఆ బెంచీ కొస వైపు తిరిగి, చుట్టానికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పేది.

“కూకో బాబూ, కూకో. లోపల పనవతన్నాది.”

పొద్దు గూకేలోగా నన్ను తీసేస్తూ, “ఇంక ఎల్లి రేపు రా,” అనేది. రోగులున్నా లేకపోయినా రాత్రంతా నన్ను తలుపుమీద ఉంచేది కాదు. కొత్తగా చేరిన నర్సులకి ఆమె నేర్పే మొదటి పాఠం ఇదే. “వొచ్చినోడికి కూకోమనీ సెప్పాల, ఎల్లమనీ సెప్పాల. రెండూ సెప్తేనే మర్యాద. కూకోమని సెప్పి ఊరుకుంటే వోడు ఉండిపోతాడు,” అనేది. నర్సులు నవ్వుకునేవారు. నవ్వుతూనే ఆమె చెప్పినట్టు చేసేవారు.

ఒకసారి ఊరికి కొత్త అయిన డాక్టరొకాయన, లోపల కడుపు కోసిన మనిషి ఉండగానే ఏదో పనిమీద బయటికి వచ్చి, గొలుసు తలకి తగిలిందని విసుక్కుని నన్ను తీసి బల్లమీద వెల్లకిలా పడేసి లోపలికి పోయాడు. ఎర్రయ్యమ్మ నీళ్ళు కాచడానికి వెళ్ళింది. బెంచీ కొసన ఉన్న నలుపు లేచి నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. తొందరలేని నడక. నామీదుగా దాటినప్పుడు నా పూత మీద ఆవిరి పట్టింది. లోపలి మనిషి ఒక జాలరి, ముప్పయ్యేళ్ళవాడు, మళ్ళీ బయటికి నడిచి రాలేదు. గుండె బలహీనం అన్నారు. నిజమే కావచ్చు. ఎర్రయ్యమ్మ కొంగుతో నా మీది తడి తుడిచి మళ్ళీ మేకుకి తగిలించింది, అంతే.

తరవాత దొరసాని తన దేశం వెళ్ళిపోయింది. పెద్ద ఆస్పత్రి శ్రీకాకుళంలో వచ్చింది, ఇది మూతపడింది. మంచాలు, బీరువాలు, ఆ టేకు బెంచీ ఎవరికి తోచినవి వాళ్ళు పట్టుకుపోయారు. నన్ను పాత ఇనప సామాన్ల కొట్టువాడు తీసుకెళ్ళి తుక్కులో పడేశాడు. చిల్లుల బకెట్ల కింద, సైకిలు చట్రాల మధ్య నేనూ ఆగాను. ‘వెయిట్’ అని ఊరందరికీ చెప్పినదానికి ఆ పని ఎంత కష్టమో అప్పుడు తెలిసొచ్చింది. అక్కణ్ణుంచి నన్ను ఏరి, చొక్కా అంచుతో తుడిచి, “అబ్బ, ఎంత చక్కటి క్రియ!” అన్న మనిషి పొట్నూరు స్వామిబాబు మాస్టారు.

మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఓడల్లో పనికి పోదామనుకునే జాలరిపేట యువకులకి ఇంటి ముందుగదిలో ఇంగ్లీషు చెప్పేవారు. ఆయనకి మాటల పిచ్చి. ఏ క్రియనైనా పట్టుకుంటే నల్లబల్ల మీద మూడు గళ్ళు గీసేవారు. అర్థం, వాడుక, పుట్టుక. “ఒక మనిషి గురించి వాకబు చేస్తే ఏమడుగుతాం? ఏం చేస్తాడు, ఎవరితో తిరుగుతాడు, ఎవరి బిడ్డ. మాటకైనా అంతే,” అనేవారు. పాఠం అవగానే కుడిచేతి వేళ్ళు రెండు మూడుసార్లు రాపాడించి సుద్దపొడి రాల్చుకోవడం ఆయన అలవాటు. సుద్దముక్క పట్టుకోని రోజున కూడా అలా రాల్చుకునేవారు. ఇంటావిడ వరహాలమ్మ ‘అన్నంలో కూడా సుద్దేనా’ అని వేళాకోళం చేసేది. ఆవిడకి చదువు లేదు. కాని నలభై ఏళ్ళుగా వంటింటి గోడ వెనక నుంచి వినీ వినీ, ‘గో, వెంట్, గాన్’ అని పప్పు తిప్పుతూ పాడేది.

నన్ను నల్లబల్ల పక్కన తగిలించి మాస్టారు చెప్పిన పాఠం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నా చరిత్ర నేను విన్నది ఆ రోజే కదా.

“అర్థం మీకు తెలుసు. ఆగడం, వేచి ఉండడం, ఎదురుచూడడం. ఇక వాడుక. దీని పక్కన ‘ఫర్’ చేరిస్తే దేనికోసమో చెప్పాలి, బస్సుకోసం, ఉత్తరంకోసం. ‘ఆన్’ చేరిస్తే ఒకరి దగ్గరుండి సేవ చెయ్యడం. ఏదీ చేర్చకుండా వదిలేస్తే ఉత్త హుకుం. ఎవరికోసమో చెప్పదు, ఎందాకో చెప్పదు. ఇదుగో, ఈ బోర్డు ఆ బాపతు.”

పుట్టుక గడి దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు మారింది. ఈ మాట సుమారు ఎనిమిదివందల ఏళ్ళ కిందట ఫ్రెంచివాళ్ళ ద్వారా ఇంగ్లీషులోకి వచ్చిందట. వాళ్ళకి జర్మను తెగల నుంచి వచ్చిందట. మేలుకోవడానికి ఇంగ్లీషువాళ్ళు వాడే ‘వేక్’, కావలికి వాడే ‘వాచ్’ దీని దాయాదులట. “ఇంగ్లీషులో అడుగుపెట్టిన కొత్తలో దీని అర్థం కూర్చోవడం కాదు నాయనా. నిద్రమాని, శత్రువు మీద కన్నేసి పొంచి ఉండడం. తరవాత మెల్లగా మెత్తబడింది. కావలివాణ్ణి వెయిటర్ అన్నారు, తరవాత వడ్డించేవాణ్ణి అన్నారు. ఊరికే కూర్చునే మనదాకా రావడానికి చాలాకాలం పట్టింది.”

“అయితే మాస్టారూ, బస్టాండులో కూకున్నోడు కూడా ఎవుడిమీదో కన్నేసినట్టేనేటి?” అని ఒకడు అడిగాడు. అందరూ నవ్వారు.

“నవ్వకండి. మన ‘కాయడం’ మాత్రం తక్కువదా? చేను కాస్తాం, పసిబిడ్డని కాస్తాం. దొంగ దారి కాస్తాడు. కాపాడేవాడూ కన్నేసినవాడూ చేసేది ఒకటే పని. ఇద్దరూ నిద్రపోరు,” అన్నారు మాస్టారు. వేళ్ళు రాపాడించి సుద్దపొడి రాల్చుకున్నారు.

ఆ చలికాలంలో వరహాలమ్మ మంచం పట్టింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కాళ్ళ వాపు. శ్రీకాకుళం తీసుకెళితే డాక్టరు పరీక్షచేసి, మాస్టారిని పక్కకి పిలిచి, “గుండె బాగా అలిసిపోయిందండీ. మందులిస్తాను. నెల గట్టెక్కితే చూద్దాం,” అన్నాడు. మాస్టారు ఇంటికొచ్చి ముందుగదిలో కుర్చీలో కూర్చుని, సుద్ద అంటని వేళ్ళు రాపాడించుకున్నారు. పిల్లలు లేరు. ఆయనకున్నది ఆవిడొక్కతే. ఆవిడ లేకపోతే పప్పు తిప్పుతూ తప్పుల్లేకుండా క్రియలు పాడే మనిషి ఈ లోకంలో ఇంకొకరు దొరకరు.

సాయానికి ఒక మనిషి కావాలంటే ఊళ్ళోవాళ్ళు పంపింది ఎర్రయ్యమ్మనే. నడుం వంగిపోయింది, జుట్టు ముగ్గుబుట్టయింది. గుమ్మంలో అడుగుపెట్టగానే నన్ను చూసి ఆగిపోయింది.

“ఇదెలా వొచ్చినాది ఇక్కడికి?”

“నీకు తెలుసా ఈ బోర్డు?” అన్నారు మాస్టారు.

“నాకు తెల్దేటి? ముప్పయ్యేళ్ళు నా సేత్తోనే కట్టినాను, నా సేత్తోనే ఇప్పినాను. మాస్టారూ, అమ్మకి బాగులేదంటన్నారు కదా. దీన్ని గోడకి కట్టుకుని మీరు పాటాలు సెప్తన్నారేటి? తీసుకెళ్ళి అమ్మ గదిలోకెళ్ళే తలుపుకి, బైటేపు కట్టండి. వొచ్చినోడు కూకుంటాడు. ఎంతటోడైనా వోడూ హుకుం మీదొచ్చిన సర్కారోడే, బోర్డు సూస్తే ఆగుతాడు.”

మాస్టారు నవ్వారు. పిచ్చి కుదిరింది రోకలి తలకి చుట్టమన్నట్టుంది అన్నారు. జబ్బుకి మందు గాని బోర్డేమిటి అన్నారు. ఎర్రయ్యమ్మ లోపలికి పోయి వరహాలమ్మ కాళ్ళకి కాపడం పెట్టింది.

పదో రోజున, ఎండ నడినెత్తిన ఉన్న వేళ, వరహాలమ్మకి ఒక్కసారిగా ఊపిరి అందలేదు. కళ్ళు తేలేసింది. ఎర్రయ్యమ్మ డాక్టరుకి కబురు పంపించడానికి వీధిలోకి పరిగెత్తింది. మాస్టారు మంచం చుట్టూ నాలుగుసార్లు తిరిగి, ఏం చేస్తున్నారో ఆయనకే తెలియకుండా ముందుగదిలోకి వచ్చి, నన్ను గోడమీంచి పీకి, వీధి తలుపుకి బయటివైపు తగిలించారు. గొలుసు మేకుకి రెండుసార్లు తప్పింది. మూడోసారి పడింది. మునిగేవాడు గడ్డిపోచని పట్టుకోవడం నేను విన్నాను గాని, ఆ గడ్డిపోచ నేనే అవుతాననుకోలేదు.

తలుపు మీద వేలాడగానే వీధి అరుగు నాలో పడింది. అరుగు కొసన, గోడకి ఆనుకుని, నలుపు కూర్చుని ఉంది. ఎంత సేపటి నుంచో, ఎన్నాళ్ళ నుంచో నాకు తెలియదు. తలెత్తి నా నాలుగక్షరాలూ చదివినట్టు చూసింది. చేతులు మోకాళ్ళ మీద సర్దుకుంది.

లోపల వరహాలమ్మ గట్టిగా ఊపిరి తీసుకుంది. దగ్గింది. “దాహం,” అంది.

ఆ సాయంత్రం ఎర్రయ్యమ్మ నన్ను విప్పబోయింది. మాస్టారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

“వద్దు. ఉండనీ.”

“అలా కాదు బాబూ. పొద్దు గూకితే తీసీయాల. ఎల్లి రేపు రమ్మని సెప్పాల. ఏ దినం కాడికి ఆ దినమే.”

“తీస్తే లోపలికొస్తే?”

“తియ్యకపోతే ఉండిపోతాడు. ఉండిపోతే ఇంక కన్ను తిప్పడు మాస్టారూ.”

జన్మంతా మూఢనమ్మకాలను చూసి నవ్విన మనిషి నమ్మడం మొదలుపెడితే పుట్టినప్పట్నుంచీ నమ్మినవాళ్ళకంటే మొండిగా నమ్ముతాడు. ఎర్రయ్యమ్మ నమ్మకానికి ఒక మర్యాద ఉంది, పగలూ సాయంత్రం ఉన్నాయి. మాస్టారి నమ్మకానికి తలుపొక్కటే ఉంది. ఆయన నన్ను తియ్యలేదు. ఆ పూటా తియ్యలేదు, ఆ నెలా తియ్యలేదు. చెప్పిన మాట వినని ఇంట్లో నేనుండనని ఎర్రయ్యమ్మ అలిగి రావడం మానేసింది.

మూడు నెలలు. ఎండకి కాగాను, మంచుకి తడిశాను. ట్యూషన్లు మానేశారు. వచ్చిన యువకులని వీధిలోంచే పంపేశారు. చూడవచ్చిన చుట్టాలకి తలుపు ఓరగా తీసి, ఆవిడ పడుకుందని చెప్పి పంపేశారు. కిటికీలు మూసేశారు. వరహాలమ్మ పెరట్లోకి పోతానంటే వద్దన్నారు. తలుపుకి ఎదురుగా లోపల కుర్చీ వేసుకుని, ఆ కుర్చీలోనే తిండి, ఆ కుర్చీలోనే జాగారం. నిద్రపోవడం లేదు. కన్ను మూతపడబోతే చన్నీళ్ళతో మొహం కడుక్కునేవారు. ఓ పక్క ఆవిడ కాళ్ళ వాపు తీసింది, రెండు ముద్దలు ఎక్కువ తింటోంది, గొంతులో బలం వచ్చింది. అదంతా మందుల పనేమోనన్న ఆలోచన ఆయనకి రాలేదు. మందు ఏ పూటైనా మరిచారేమోగాని, తలుపు సందులోంచి నా వీపు చూసుకోవడం మరవలేదు.

ఇక నేను చూసినది చెప్పాలి. చెప్పి ఉండవలసింది అప్పుడే. కాని నా దగ్గర ఉన్నది ఒక్క మాటే, అది హెచ్చరించడానికి పనికిరాదు.

మాస్టారు మందులకోసం బజారుకి వెళ్ళినప్పుడు, అరుగు ఖాళీ అయ్యేది. మొదట్లో నేను లెక్కచెయ్యలేదు. విసుగెత్తి పోయిందేమో అనుకున్నాను. ఆయన తిరిగి వచ్చేసరికి ఆ నలుపు ఆయన వెనకే నాలుగడుగుల దూరంలో వచ్చి, మళ్ళీ అరుగు కొసన కూర్చునేది. ఆయన లోపల కుర్చీలో కదిలితే దాని తల కదిలేది. ఆయన కునికితే అది ముందుకి వంగేది. వరహాలమ్మ మంచమున్న వైపు మూడు నెలల్లో ఒక్కసారీ చూడలేదు.

ఎవరికోసమో ఎవరూ అడగలేదు. నామీద రాసీ లేదు.

ఉగాది దాటిన వారానికి, మధ్యాహ్నం, వీధిలో కాకి కూడా అరవని వేళ, లోపలి నుంచి మాటలు వినిపించాయి.

“ఏవండీ, అరుగుమీద ఎవరు కూచున్నారు?”

మాస్టారు ఉలిక్కిపడ్డారు. “ఎవరూ లేరు వరహాలూ.”

“నలభై ఏళ్ళనుంచి మీకు అబద్ధమాడ్డం రాలేదు, ఇప్పుడేం వస్తుంది. మూడు నెలలై ఎవరో కూచున్నారు. నాకు తెలుస్తూనే ఉంది. ఎండలో మనిషిని అలా కూచోబెట్టి, గ్లాసుడు మంచినీళ్ళైనా ఇచ్చారా?”

“నువ్వు పడుకో.”

“నేను పడుకుంటూనే ఉన్నాను. పడుకోనిది మీరు. మొహం చూసుకున్నారా అద్దంలో? ఆ కళ్ళేవిటి, ఆ పీక్కుపోయిన బుగ్గలేవిటి! నాకోసం మీరు చచ్చిపోయేట్టున్నారు.”

“నువ్వెళ్ళిపోతే నేనేం చెయ్యను వరహాలూ? ఎవరికి చెప్పుకోను?” అని ఏడ్చారు. ఆవిడ ఏం చెప్పిందో నాకు వినబడలేదు. బహుశా తల నిమిరి ఉంటుంది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన మనిషికి మూడు నెలల నిద్ర ఒక్కసారి ముంచుకొచ్చింది. కుర్చీలోనే తల వాలింది.

గోడ పట్టుకుని, ఆగి, మళ్ళీ పట్టుకుని, వరహాలమ్మ నడిచి వచ్చింది. తలుపు తీసింది. మూడు నెలల తరవాత వీధి వెలుగు ఆవిడ మొహాన పడింది. చేతిలో ఇత్తడి గ్లాసు నిండా నీళ్ళున్నాయి. పట్టుకోవడానికి పళ్ళెం కనబడక, పక్కకి చూసి, నన్ను మేకుమీంచి తీసి, గ్లాసు నామీద పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుంది. ఇంటికొచ్చినవాళ్ళకి ఉత్తచేత్తో నీళ్ళివ్వడం ఆవిడకి తెలియదు.

“మిమ్మల్ని చాలాకాలం కూచోబెట్టాం. మా ఆయనకి భయం, ఏమనుకోకండి,” అంది అరుగు కొస వైపు చూస్తూ. “నాకోసమైతే రండి. నేను తయారుగానే ఉన్నాను. ఆయన్ని మాత్రం లేపకండి. పాపం పడుకుని మూణ్ణెల్లయింది. ఆయన్ని పడుకోనివ్వండి.”

నలుపు లేచింది. నామీద గ్లాసులో నీళ్ళు వణికాయి, నా పూత మీద ఆవిరి పట్టింది. వరహాలమ్మ కళ్ళు మూసుకుని నిలబడింది. అది ఆవిడ పక్కనుంచి, కొంగైనా కదలనంత నెమ్మదిగా, లోపలికి నడిచింది. కుర్చీ దగ్గర ఆగింది.

ఆవిడ అడిగినది అడిగినట్టే అది చేసింది. ఆయన్ని లేపలేదు.

కాసేపటికి వరహాలమ్మ కళ్ళు తెరిచింది. తనింకా నిలబడే ఉంది. ఊపిరి ఆడుతోంది. వెనక్కి తిరిగి చూసింది. “ఏవండీ,” అంది. మళ్ళీ, “ఏవండీ,” అంది. అప్పుడు ఆవిడ వేసిన కేక విని, ఎండలో కాళ్ళు కాలుతున్నా లెక్కచెయ్యకుండా వీధి వీధంతా వచ్చింది. గ్లాసు ఎప్పుడు పడిందో, నేనెప్పుడు పడ్డానో తెలియదు. నా మూల పింగాణీ పెచ్చు ఊడింది. ఇప్పటికీ అక్కడ తుప్పే.

డెబ్బయ్యేళ్ళ మనిషి మూడు నెలలు నిద్రలేకుండా కాపలా కాస్తే గుండె ఆగదా అన్నారు ఊళ్ళోవాళ్ళు. నిజమే. వరహాలమ్మ గుండె కుదుటపడిందని, మందులు బాగా పనిచేశాయని శ్రీకాకుళం డాక్టరు ఆశ్చర్యపోయాడు. అదీ నిజమే. పన్నెండో రోజున ఎర్రయ్యమ్మ వచ్చి, ఆవిడ పక్కన కూర్చుంది. వెళ్ళబోయేముందు నన్ను చేతుల్లోకి తీసుకుంది.

“రోజూ ఎల్లమని సెప్పుంటే బాగున్ను. మీరు తలుపు కాసినారు, వోడు మిమ్మల్ని కాసినాడు,” అంది. మాస్టారితో చెప్పినట్టే అంది.

“దాన్నక్కడ పెట్టు ఎర్రయ్యమ్మా,” అంది వరహాలమ్మ. “నేను పిలిచాను. పిలిస్తే వచ్చాడు. వాడిదేం తప్పు?” అని, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఏడ్చింది.

ఇది జరిగి నాలుగేళ్ళు. మాస్టారి క్రియల నోటుపుస్తకం పాత విద్యార్థి ఒకడు, ఓడమీదికి పోతూ, అడిగి తీసుకెళ్ళాడు. నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు నేను వీధి అరుగుమీది మంచినీళ్ళ కుండకి మూతని. అక్షరాలు కిందికి, తుప్పు వీపు పైకి. ఎండనపడి వచ్చినవాళ్ళు నన్ను ఎత్తి, నీళ్ళు తాగి, మళ్ళీ మూసి పోతుంటారు. ఎవరినీ ఆగమనను. నా నాలుగక్షరాలూ చదివేది కుండలో నీళ్ళొక్కటే. తుక్కులో ఉన్నదానికన్నా ఇది నయం. చల్లగా ఉంది.

రోజూ మధ్యాహ్నం, వీధిలో అలికిడి లేని వేళ, వరహాలమ్మ నన్ను ఎత్తుతుంది. ఒక గ్లాసు ముంచి అరుగు కొసన పెడుతుంది. ఆ ఎత్తినప్పుడు నా పూతలోకి అరుగు వస్తుంది. మొన్న శ్రావణంలో ఒకరోజు అలాగే ఎత్తినప్పుడు, కొసన మళ్ళీ నలుపు కనబడింది. మోకాళ్ళ మీద చేతులు. మొహం ఆవిడ వైపు తిరిగి ఉంది. నాకు భయమేసింది. ఈసారి ఆవిడకోసమే వచ్చిందనుకున్నాను. తలుపుమీద ఉండి ఉంటే బాగుండుననిపించింది, నా బతుకులో మొదటిసారి ఆ మాట నా అంతట నేను చెప్పాలనిపించింది.

అప్పుడది కుడిచేయి ఎత్తి, వేళ్ళు రెండు మూడుసార్లు రాపాడించుకుంది. సుద్దపొడి రాల్చుకున్నట్టు.

వరహాలమ్మ చూసిందో లేదో నాకు తెలియదు. గ్లాసు ఆ పక్కనే పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. నన్ను కుండమీద పెట్టబోతూ, ఎప్పట్నుంచో ఆ వేళకి ఇంటికొచ్చే మనిషితో చెప్పినట్టు చెప్పింది.

“ఉండండి, పొయ్యిమీద పప్పుంది. దించి వస్తాను.”

లోపలికి వెళ్ళింది. పప్పు తిప్పుతూ ‘గో, వెంట్, గాన్’ అని సన్నగా పాడుతోంది. ఎందాకో ఆవిడ చెప్పలేదు. ఆయన అడగలేదు.